పొయ్యిలో టోపీ

మునిశామప్ప జనాన్ని నవ్వించడానికే పుట్టాడని చిక్కబళ్ళాపురంలో అందరూ అనేవారు. ఆ మాట చెవిన పడితే అతను మీసం దువ్వుకునేవాడు. కొన్నాళ్ళు పోయాక అదే మాట వినబడితే తల దించుకుని పక్క సందులోకి తిరిగిపోయేవాడు. మీసం దువ్విన రోజులకీ, సందులోకి తిరిగిన రోజులకీ మధ్య ఆరేళ్ళే ఉన్నాయి.

వీధినాటకాల్లో నవ్వించే కోణంగి వేషం చిన్నప్పటినుంచీ అతనిదే. రాజు వేషానికి కిరీటం బరువు, ఆడవేషానికి జడ బరువు, కోణంగికి నోరు తప్ప మోసేదేమీ లేదని అనేవాడు. యుద్ధం రోజుల్లో బెంగళూరు మిలిటరీ క్యాంపు వంటశాలలో మూడేళ్ళు పనిచేసి, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నోట కరుచుకుని వచ్చాడు. ఆ నాలుగు ముక్కలే 1957లో అతనికి సినిమా బండి ఉద్యోగం తెచ్చిపెట్టాయి.

బెంగళూరులో అమెరికావాళ్ళ సంస్థ ఒకటి పల్లెలకు సినిమా బండిని పంపేది. బండిలో ప్రొజెక్టరు, దాని వెనక జనరేటరు. నరసింహయ్య బండి తోలేవాడు, రీళ్ళూ అతనే తిప్పేవాడు. విత్తనాల మీద ఒక రీలు, దోమల మీద ఒక రీలు, ఏదో పెద్ద ఆనకట్ట మీద ఒక రీలు వేసి, జనం మధ్యలో లేచిపోకుండా చివర్న ఒక నవ్వుల రీలు వేస్తామని ముందే ఊరించేవారు. మాటలన్నీ ఇంగ్లీషే. తెర పక్కన మైకు పట్టుకుని నిలబడి, బొమ్మ ఏమంటోందో తెలుగులో చెప్పడం మునిశామప్ప పని.

ఆ నవ్వుల రీళ్ళు సినిమాలు కావట. అమెరికాలో ఇంటింటా టెలివిజన్ అనే పెట్టె ఉంటుందనీ, వారం వారం అదే కుటుంబం అదే గదిలో ఒక కొత్త తంటా నెత్తికి తెచ్చుకుంటుందనీ, జనం భోంచేస్తూ అది చూసి నవ్వుకుంటారనీ ఆఫీసులో గుమాస్తా కృష్ణప్ప చెప్పాడు. అలాంటి పెట్టెను కళ్ళతో చూసినవాడు బండి తిరిగే మూడు తాలూకాల్లో ఒక్కడూ లేడు. దానికి తోడు ఇంకో వింత. బొమ్మలో ఎవరూ నవ్వకపోయినా ఎక్కణ్ణుంచో గుంపుగా నవ్వు వినబడేది. మొదటిసారి విన్నప్పుడు నంది అనే ఊళ్ళో ముసలివాళ్ళు వెనక్కి తిరిగి ఎవడ్రా నవ్వింది అని చూశారు.

"దొరలకు ఒక సంగతి తెలవాలంట," అన్నాడు కృష్ణప్ప, నాలుగు నవ్వుల రీళ్ళూ ఒక ఫారాల కట్టా చేతికిస్తూ. "ఈ తమాషాలు ఒక్కసారికేనా, ఏండ్ల తరబడి నిలుస్తాయా అని. ప్రతి ఏడూ అవే ఊర్లలో అవే రీళ్ళు వెయ్యి. నవ్వు తగ్గిందా, పెరిగిందా, వరది, అదే రిపోర్టు, రాసి పంపు."

అలా అమెరికావాళ్ళ హాస్యానికి ఆయువు ఎంతో తేల్చే పని ఒక వీధినాటకం కోణంగి చేతికి వచ్చింది. మునిశామప్పకు అదేమీ వింతగా తోచలేదు. నవ్వు సంగతి తనకు కాక ఇంకెవరికి తెలుస్తుంది!

బాగేపల్లి దాటి ఏడెనిమిది మైళ్ళు లోపలికి పోతే ఎర్రదిన్నెపల్లి. ఆ ఊరికి బండి పోవడం అదే మొదలు. ఊళ్ళోకి చేరగానే మునిశామప్ప అలవాటు చొప్పున చావడి దగ్గర కూర్చుని, ఊళ్ళో విశేషాలేంటని అడిగాడు. కోణంగి వేషం కట్టే ఎవడైనా చేసే పనే అది. సాయంత్రం ఎవరి మీద మాట విసరాలో పగలే ఏరి పెట్టుకోవాలి.

ఆ తాలూకాలో దానికొక కట్టుబాటు ఉంది. కోణంగి ఎవరి పేరైనా పెట్టి ఎగతాళి చేయవచ్చు, పటేలుకైనా మినహాయింపు లేదు. కానీ మర్నాడు పొద్దున వాడు ఆ ఇంటికి పోయి, అడిగి మరీ ఒక సంగటి ముద్ద తినాలి. ముద్ద దిగిందంటే మాట చచ్చినట్టే. దాన్ని కోణంగీ మళ్ళీ ఎత్తకూడదు, ఊరూ ఎత్తకూడదు. ఇరవై ఏళ్ళలో మునిశామప్ప అలాంటి ముద్దలు ఎన్ని తిన్నాడో. కొన్ని ఇళ్ళల్లో నవ్వుతూ పెట్టారు, కొన్ని ఇళ్ళల్లో పళ్ళు కొరుకుతూ పెట్టారు. పెట్టకుండా మాత్రం ఎవరూ పంపలేదు.

ఆ రోజు చావడిలో వాళ్ళు చెప్పిన విశేషం చౌడమ్మది. వెంకటరమణప్ప పెళ్ళాం చౌడమ్మ మూటెడు శెనక్కాయలు మొగుడి కంట పడకుండా నీళ్ళపొయ్యిలో దాచిందట. సంగతి తెలియని అత్త పొద్దున్నే పొయ్యి ముట్టించిందట. ఊరంతా కమ్మటి వాసన. చెప్పేవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు, మునిశామప్పా నవ్వాడు.

చీకటి పడ్డాక వేసిన నవ్వుల రీల్లో ఒక తెల్లామె కొత్త టోపీ కొనుక్కుని, మొగుడికి తెలియకుండా దాన్ని వంటింటి పొయ్యిలో దాస్తుంది. ఆ పొయ్యి ఇనప్పెట్టెలాగా తలుపున్న పొయ్యి. మొగుడు పై అధికారిని భోజనానికి పిలుచుకొస్తాడు, వచ్చీ రాగానే పొయ్యి ముట్టిస్తాడు. పొగ లేచేసరికి మునిశామప్పకు చౌడమ్మ శెనక్కాయలు గుర్తొచ్చాయి. దేవుడు తెచ్చి చేతిలో పెట్టినట్టుంది కదా! మైకు నోటి దగ్గరికి తెచ్చుకుని ఆడగొంతుతో అరిచాడు.

"అయ్యో నా శెనక్కాయలు! అత్తా, ముట్టించొద్దత్తా! చౌడమ్మ కొంప కాలిపొయ్యె!"

చావడి ముందర జనం విరగబడి నవ్వారు. పిల్లలు నేల మీద పొర్లారు. రీల్లో వినబడే నవ్వు ఈ నవ్వు కింద మునిగిపోయింది. ఆడవాళ్ళు కూర్చున్న వైపు ఒకామె చెరగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్ళిపోవడం మునిశామప్ప చూశాడు. నవ్వు ఆపుకోలేక పోతోందనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి సుఖంగా ఉండింది.

మర్నాడు ముద్దకు పోవాలి. కానీ చింతామణిలో పగలే ఏదో మీటింగు ఉందనీ, తెల్లారకముందే బయలుదేరాలనీ నరసింహయ్య తొందర పెట్టాడు. వచ్చే ఏడు తింటాలే అనుకుని మునిశామప్ప బండెక్కాడు. వీధినాటకం మాటైతే ఆ రాత్రితో సరి, కాబట్టి ఒక ముద్ద తప్పినా అంత నష్టం లేదు. రీలు అలా కాదు కదా. మళ్ళీ ఏడు అదే పొగ లేస్తుంది, అదే తెల్లామె అలాగే పరిగెత్తుతుంది. అది అతనికి తట్టలేదు.

తట్టకపోవడమే కాదు, చౌడమ్మ మాటను అతను అన్ని ఊళ్ళకూ మోసుకుపోయాడు. మిగతా మూడు నవ్వుల రీళ్ళూ రెండో ఏటికే చప్పబడిపోయాయి. గడ్డి కోసే బండి కోసం ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు కొట్లాడే రీలు పడితే జనం బీడీలు వెలిగించుకునేవారు. టోపీ రీలు మాత్రం ఏటేటా పెరిగింది. చింతామణిలో నవ్వారు, నందిలో నవ్వారు, మురుగమల్లలో దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి ఎక్కడెక్కణ్ణుంచో వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. తెర మీది తెల్లామెకు పొయ్యి చౌడమ్మ అనే పేరు ఖాయమైంది. బండి ఊళ్ళోకి రాగానే పిల్లకాయలు వెంటబడి, "పొయ్యి చౌడమ్మ ఉండాదా? వేస్తారా?" అని అడిగేవారు. మునిశామప్ప ఏటేటా ఆమెకొక కొత్త మాట, కొత్త నడక, కొత్త ఏడుపు కలిపేవాడు. ఫారంలో మాత్రం టోపీ రీలుకు తిరుగులేదు, ఇది ఎన్నేళ్ళైనా నిలిచేదే అని రాసేవాడు. దొరలు మెచ్చుకుంటున్నారని కృష్ణప్ప జాబు రాశాడు.

ఎర్రదిన్నెపల్లిలో మాత్రం ప్రతి ఏడూ అతని కన్ను ఆడవాళ్ళ వైపు పోయేది. మొదటి రాత్రి చెరగు నోటికి అడ్డం పెట్టుకుని లేచిపోయిన చౌడమ్మ కనబడేది కాదు. ఒళ్ళు బాగాలేదేమో అనుకున్నాడు ఒక ఏడు. పుట్టింటికి పోయిందేమో అనుకున్నాడు మరో ఏడు. మూడో ఏటికి అనుకోవడానికి ఏమీ దొరక్క అటు చూడటమే మానేశాడు. పొద్దున లేచి ఆమె ఇంటికి పోయి ముద్ద తింటే ఆ మాట వదిలేయాలి. ఆ మాట వదిలేస్తే రీలు చప్పబడుతుంది. ఈ సంగతి అతనికి తెలుసు. తెలిసీ ప్రతి ఏడూ నరసింహయ్యకంటే ముందే బండెక్కి కూర్చునేవాడు.

1963లో ఆఫీసుకు కొత్త అధికారి వచ్చాడు. తెలుగులో ఎవరూ ఏమీ చెప్పకుండా రీలు వేస్తే జనం ఎంత నవ్వుతారో చూడమన్నాడట. రీలు ముందు రెండు ముక్కల్లో కథ చెప్పి ఊరుకోవాలి. మునిశామప్పకు కోపం వచ్చింది, అయినా ఉద్యోగం కదా, సరేనన్నాడు.

నందిలో రీలు పడింది. తెల్లామె టోపీ దాచింది, మొగుడు పొయ్యి ముట్టించాడు, పొగ లేచింది. రీల్లోని నవ్వు ఒక్కటే వినబడింది. ఎదురుగా నాలుగు వందల మంది నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. చింతామణిలోనూ అంతే. చివరికి వెనకనుంచి ఒకడు, "ఏం మునిశామప్పా, గొంతు పొయ్యిందా? చౌడమ్మ మాట చెప్పప్పా!" అని అరిచాడు.

మునిశామప్ప చేతిలో మైకు చల్లగా తగిలింది. ఈ ఆరేళ్ళూ అమెరికా తమాషాను చూసి ఎవరూ నవ్వలేదన్నమాట. ఎర్రదిన్నెపల్లిలో కాపురముండే ఒక మనిషిని చూసి నవ్వారు. తెర మీద ఎవరున్నా వాళ్ళకు ఒకటే. ఆరేళ్ళు రాసిన వరదులన్నీ ఆమె నెత్తిన రాసినవే.

రెండు రోజులకు ఎర్రదిన్నెపల్లి చేరాక చావడి దగ్గర కూర్చోకుండా నేరుగా చౌడమ్మ ఇల్లు అడిగి పోయాడు. ఆమె వసారాలో కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతోంది. తెల్లటి పప్పు చేటలోకి, తొక్కు పక్కకు. నలభై ఏళ్ళుంటాయి. తల ఎత్తలేదు.

"అమ్మా, నేను..."

"తెలుసులేప్పా. గొంతు తెలుస్తాది. చావడికాడ మైకులో అరిస్తే మా ఇంటిదంకా వినబడతాది."

అంటే ప్రతి ఏడూ ఇక్కడ కూర్చుని మొత్తం విన్నదన్నమాట. తను కలిపిన ప్రతి కొత్త మాటా, ప్రతి ఏడుపూ. మునిశామప్ప గడప ముందర నేల మీదే కూర్చున్నాడు.

"ముద్ద తినేదానికి వచ్చినా తల్లీ."

"ఆరేండ్లకా?"

ఆమె పప్పు పితుకుతూనే మెల్లగా చెప్పింది, ఎవరి మీదా కోపం లేనట్టు.

"అవి విత్తనం కాయలప్పా. మా ఆయప్ప చేతికి దొరికితే అమ్ముకోని ఇస్పీటాకుల ఆటలో పెడతాడని దాచినా. నీళ్ళపొయ్యి ఎండాకాలం ముట్టించేది లేదు, యాడా దాచేదానికి లేకపోతే ఆడ దాచినా. మా అత్తకు ఆ పొద్దు జ్వరం, వేన్నీళ్ళు కావల్లని ముట్టించె. ఆ యేడు చేను బీడు పడె. పెద్దోడు బడి మాని గొర్రెల ఎంట పొయ్యె. ఇంగ ఎప్పుడు పొయ్యేది బడికి?"

"నాకు తెలీదు తల్లీ. తమాషాగా చెప్పినారు, నేనూ తమాషా అనుకున్నా."

"బాగేపల్లి సంతలో కాయలు పెట్టుకోని కూసుంటే, ఇవి పచ్చివా పొయ్యిలో పెట్టినవా అని అడుగుతారు. నవ్వేది, పొయ్యేది. కొనేవాళ్ళు తక్కువ. నాలుగేండ్లాయె సంతకు పొయ్యేది మానుకోని." చేట పక్కన పెట్టి మొదటిసారి అతని ముఖం చూసింది. "ఒక మాట అడుగుతా. ఆ తెల్లామె నిజంగా ఏమంటాదప్పా, పొగ వచ్చినప్పుడు?"

అతనికి తెలియదు. మొదటిరోజునుంచీ ఆ చోట అతనే అరుస్తున్నాడు. ఆమె మాట ఒక్కసారి కూడా చెవిన పెట్టుకోలేదు.

"తెలీదమ్మా," అన్నాడు సిగ్గుతో.

"మొగుడికి తెలిసినంక కొడతాడా?"

"లేదు. నవ్వుతాడు. కాలిపోయిన టోపీ తీసి తన నెత్తిన పెట్టుకోని అందరికీ వడ్డిస్తాడు."

"అట్లనా," అంది చౌడమ్మ. మళ్ళీ చేట దగ్గరికి లాక్కుంది. "అంతవరకు నేను చూల్లేదు. ముందే లేచి వచ్చేస్తిని."

లోపలికి పోయి ఆకులో ముద్ద పెట్టి తెచ్చింది, పైన పితికిపప్పు పులుసు. ఇలాంటి ముద్ద మునిశామప్ప ఎన్నడూ తినలేదు. మెతుకు మిగల్చకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక ఆమె, "అయిపొయ్యింది కదప్పా ఇంగ?" అని అడిగింది.

"అయిపొయ్యింది తల్లీ. నా పిల్లల మీద ఒట్టు."

"అయితే ఈ పొద్దు నేనూ వస్తా. ఆ మొగుడు టోపీ పెట్టుకునేది చూస్తా."

ఆమె వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, ఆడవాళ్ళ వైపు చివర కూర్చుంది. నలుగురైదుగురు తిరిగి చూసి గుసగుసలాడారు. దోమల రీలు అయింది, ఆనకట్ట రీలు అయింది. టోపీ రీలు మొదలవగానే మునిశామప్ప మైకు కిందికి దించి నిలబడ్డాడు. ఈసారి ఆఫీసు ఆర్డరు లేకపోయినా అతను నోరు విప్పేవాడు కాదు.

పొగ లేచింది.

"అయ్యో నా శెనక్కాయలు!" అని ముందు వరసలోంచి ఒక పిల్ల కీచుమంది. వెంటనే చావడి ముందరున్న జనమంతా ఒక్క గొంతుతో అందుకున్నారు. "అత్తా, ముట్టించొద్దత్తా! చౌడమ్మ కొంప కాలిపొయ్యె!" ఆరేళ్ళుగా అతను కలిపినవన్నీ వరసగా, ఒక్క మాట పొల్లుపోకుండా అప్పజెప్పారు. ఏడుపు దగ్గర ఏడ్చారు, నడక దగ్గర పిల్లకాయలు లేచి నడిచి చూపించారు. మొదటి ఏడు పాలు తాగే బిడ్డలు కూడా అందులో ఉన్నారు.

మునిశామప్ప మైకు ఎత్తాడు.

"వద్దండప్పా! అది చౌడమ్మ కాదు! నేను ఆయమ్మ ఇంట్లో ముద్ద తిన్నా. కట్టు తెలవదా మీకు? ఆ మాట చచ్చిపొయ్యింది!"

జనం ఇంకా గట్టిగా నవ్వారు.

"తప్పు చేసినానప్పా! ఆరేండ్లు తప్పు చేసినా! నా నోరు పడిపోను!" అతని గొంతు పగిలింది, నిజంగానే కన్నీళ్ళు కారాయి. పాతికేళ్ళు కోణంగి ఏడుపు ఏడ్చి ఏడ్చి, నిజంగా ఏడ్చినా అతని ముఖం అలాగే ఉంటుంది. ముందు వరసలో ఒక ముసలాయన తొడ చరుచుకుంటూ, "ఈ యేడు భలే కలిపినాడురా!" అన్నాడు. చేతులు జోడించాడు మునిశామప్ప. ఒక్కసారిగా చప్పట్లు మోగాయి.

తెర మీద తెల్లామె మొగుడు కాలిన టోపీని నెత్తిన పెట్టుకుంటున్నాడు. చౌడమ్మ అప్పటికే లేచి వీధి మలుపు తిరుగుతోంది.

మర్నాడు ఫారంలో మునిశామప్ప ఉద్యోగంలో మొదటిసారి అబద్ధం రాశాడు. టోపీ రీలు పాతబడిపోయింది, ఎవరూ నవ్వడం లేదు, వెనక్కి తెప్పించుకోండి అని. కొత్త అధికారి నమ్మాడు. రీలు బెంగళూరు పోయింది, మళ్ళీ ఆ తాలూకాల మొహం చూడలేదు. ఏడాది తిరక్కుండా మునిశామప్ప కూడా బండి మానుకుని, చిక్కబళ్ళాపురంలో తమలపాకుల అంగడి పెట్టుకున్నాడు. నాటకంవాళ్ళు వేషానికి పిలిస్తే గొంతు పోయిందనేవాడు.

నాలుగేళ్ళు గడిచాయి. ఏదో పని మీద బాగేపల్లి పోయి, బస్సు కోసం కూర్చున్నాడు. పక్కన ఒకామె ఎనిమిదేళ్ళ కూతురి సంచీ అంతా వెతుకుతోంది. టిక్కెట్టుకు ఇచ్చిన చిల్లర ఆ పిల్ల ఎక్కడో భద్రంగా పెట్టి మరిచిపోయింది.

"యాడ దాచిపెట్టినావే? పొయ్యి చౌడమ్మా!" అని తల్లి ఆ పిల్ల నెత్తిన మొట్టింది.

మునిశామప్ప ఆమె వైపు తిరిగాడు. "ఏ ఊరు తల్లీ మీది?" అని అడిగాడు.

"హిందూపురం పక్కప్పా. దేవర జాతరకని వచ్చి పోతాండాము."

"సినిమా బండి వచ్చేదా మీ ఊరికి?"

"ఏం సినిమా బండి?"

"మరి చౌడమ్మ అంటే ఎవురు?"

"ఎవురో ఏమోప్పా. ఏమన్నా దాచి పోగొట్టుకుంటే మా పక్క అట్లే అంటారు. మా అత్త అనేది, ఇప్పుడు నేనంటాండా."

ఆమెకు చెప్పాలి, ఒక్కరికైనా సరిగా చెప్పాలి అని మునిశామప్పకు అనిపించింది.

"ఆయమ్మ మంచిది తల్లీ," అన్నాడు. "విత్తనం కాపాడుకుందామని దాచింది. నేనంత చేసినా నన్ను కూర్చోబెట్టి, పితికిపప్పు పులుసుతో ముద్ద పెట్టింది."

ఆమె ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. తర్వాత పకపకా నవ్వింది. "భలే తమాషాగా చెప్తావప్పా నువ్వు!" అంది. అది విని కూతురు కూడా నవ్వింది.